ఇనుము కోసం తెరిచిన దారిలో విషం

"ఆకుకూరలు తినండమ్మా, రక్తం పడుతుంది." సంఘాల సమావేశాల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో, మనం నడిపే ఆరోగ్య శిబిరాల్లో ఈ మాట చెప్పని కార్యకర్త ఉండదు. నేనూ చెప్పాను, ఇంకా చెబుతూనే ఉంటాను. మాట మంచిదే. కానీ ఆ ఆకుకూర ఏ నేలలో పెరిగింది, ఏ నీళ్ళు తాగింది, ఆ నీళ్ళలోంచి ఇనుముతో పాటు ఇంకేం పట్టుకొచ్చింది అన్న ప్రశ్న మన ఆరోగ్య చర్చల్లోకి సరిగ్గా రాలేదు. ఫ్యాక్టరీ కాలుష్యం పర్యావరణం వాళ్ళ విషయం, రక్తహీనత స్త్రీల ఆరోగ్యం వాళ్ళ విషయం అని ఎవరి రిజిస్టరు వాళ్ళు రాసుకుంటున్నారు. ఈ రెండూ ఒకే రిజిస్టరులో రాయాల్సిన విషయాలని చెప్పడానికే ఈ సంపాదకీయం.

కాడ్మియం, సీసం, ఆర్సెనిక్, పాదరసం వంటి వాటి గురించి మాట్లాడుతున్నాను. కిలో బియ్యంలో మిల్లీగ్రాములో కొద్ది వంతు ఉంటేనే లెక్కలోకి వచ్చే పదార్థాలు ఇవి. రంగు ఉండదు, వాసన ఉండదు, కూర రుచి మారదు. పురుగుమందు కొట్టిన చేలో కళ్ళు మండుతాయి కాబట్టి కూలికెళ్ళిన మనిషికి తెలుస్తుంది. వీటి సంగతి అలా తెలిసేది కాదు. ఇవి కుళ్ళిపోవు, ఎండకి విరిగిపోవు. నేలలో పడితే తరాల తరబడి అక్కడే ఉంటాయి.

మరి అక్కర్లేని విషాన్ని మొక్క ఎందుకు పీల్చుకుంటుంది? మొక్క అడిగింది విషాన్ని కాదు. బ్రతకడానికి దానికి ఇనుము కావాలి, జింకు కావాలి, మాంగనీసు కావాలి, భాస్వరం కావాలి. ఇవి వేరు కణం పొరను దాటి వాటంతట అవే లోపలికి పోలేవు. ఒక్కొక్క పోషకాన్ని పట్టుకుని లోపలికి చేరవేయడానికి ఆ పొరలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, వాటిని వాహకాలు అనుకుందాం. వచ్చిన లోహాన్ని ఆ వాహకం దాని సైజునీ, మీదున్న విద్యుదావేశాన్నీ బట్టి గుర్తుపడుతుంది, అంతకుమించి దాని పుట్టుపూర్వోత్తరాలు అడగదు. కాడ్మియం ఈ రెండు విషయాల్లోనూ జింకుకీ మాంగనీసుకీ దగ్గర చుట్టం. అందుకని ఆ దారుల్లోనే దూరిపోతుంది. వరి వేళ్ళలో మాంగనీసును లోపలికి తెచ్చే ఎన్‌ర్యాంప్5 అనే వాహకమే కాడ్మియానికి కూడా ముఖద్వారమని 2012లో జపాన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ వాహకం పనిచేయని వరి మొక్కల గింజల్లో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది.

ఆర్సెనిక్‌ది ఇంకో దారి. ఆరిన నేలలో అది భాస్వరం వేషంలో ఉంటుంది, భాస్వరం వాహకం దాన్ని లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు నిలిచిన మడిలో దాని రూపం మారి సిలికాను పోలి ఉంటుంది. వరి కాడ నిటారుగా నిలబడాలంటే సిలికా కావాలి, అందుకని వరి వేరు సిలికాను తెగ తాగుతుంది, దానితో పాటే ఆర్సెనిక్‌నూ తాగుతుంది. 2008లో ఇది బయటపడింది. ఇక్కడొక చిక్కు ఉంది. మడిలో నీళ్ళు నిలిపితే ఆర్సెనిక్ ఎక్కువ ఎక్కుతుంది, మడి ఆరగడితే కాడ్మియం ఎక్కువ ఎక్కుతుంది. నీళ్ళు నిలిచినప్పుడు గంధకంతో కలిసి కరగకుండా పడి ఉన్న కాడ్మియం, మడి ఆరి గాలి తగలగానే కరిగి వేరు దగ్గరికి చేరుతుంది. అందుకే జపాన్‌లో కాడ్మియం ఉన్న చోట్ల వెన్ను తీసే రోజుల్లో మడి ఆరనివ్వవద్దని రైతులకు చెబుతారు. రెండు విషాలూ ఉన్న నేలలో ఏం చేయాలి? నేలను ముందు పాడుచేయకుండా ఉండటం కన్నా నికరమైన జవాబు నాకైతే దొరకలేదు.

లోపలికొచ్చిన విషాన్ని చూసి మొక్క ఊరుకోదు. గంధకం ఉన్న చిన్న చిన్న గొలుసుల్లాంటి పదార్థాలను తయారుచేసి, వాటితో ఆ లోహాన్ని కట్టేసి, కణం మధ్యలో ఉండే రిక్తిక అనే సంచిలోకి నెట్టి తలుపేస్తుంది. ఫైటోకెలాటిన్లు అనే ఈ పదార్థాలను 1985లో జర్మనీలో గుర్తించారు. కట్టి దాచగలిగినన్నాళ్ళు మొక్క పచ్చగానే కనబడుతుంది. మనకి ప్రమాదం అక్కడే. మొక్క మాడిపోతే చేను వదిలేస్తాం. మొక్క తట్టుకుని నిగనిగలాడుతుంటే కోసి అమ్ముతాం, వండుతాం.

అన్ని మొక్కలూ ఒకలా దాచవు. చాలా మొక్కలు ఎక్కువ భాగాన్ని వేళ్ళలోనే ఆపేస్తాయి. కాడ్మియం మాత్రం పైకి పాకే రకం. కాయల కన్నా, గింజల కన్నా ఆకుల్లో ఎక్కువ చేరుతుంది. పాలకూర లాంటి ఆకుకూరలు ఈ విషయంలో ముందుంటాయి. పొగాకు మరీను. పొగ తాగేవాళ్ళ శరీరంలో తాగని వాళ్ళకన్నా కాడ్మియం దాదాపు రెట్టింపు ఉండటానికి కారణం అదే. (ఉత్తరాంధ్ర తీరాన చుట్టను అడ్డపొగ తాగే మన అవ్వలను ఈ లెక్కలో ఎవరైనా చూశారా అని నాకు ఎప్పుడూ ఒక అనుమానం.) సీసం అలా కాదు, అది వేరు దాటి పైకి అంతగా ఎక్కదు, ఆకు మీద దుమ్ముగా పడుతుంది. కాబట్టి "బాగా కడిగి వండండి" అన్న సలహా సీసానికి కొంత పనికొస్తుంది, కాడ్మియానికి పనికిరాదు. ఆకు కణం లోపల సంచిలో ఉన్నదాన్ని ఎన్ని నీళ్ళలో కడిగినా, ఎంతసేపు ఉడకబెట్టినా పోదు. ఇల్లాలి శుభ్రతకు లొంగే విషం కాదది. ప్రతి కాలుష్యానికీ వంటింట్లోనే పరిష్కారం చూపించే కరపత్రాలు చదివినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆర్సెనిక్ ఉన్న బియ్యం మాటకొస్తే, మంచినీళ్ళు ఎక్కువ పోసి గంజి వార్చి వండితే కొంత తగ్గుతుంది. కుక్కర్లు రాకముందు మన ఇళ్ళల్లో వండిన పద్ధతే అది. అయితే ఆ వార్చిన గంజి ఎవరు తాగేవారు? అన్నం అందరికీ చాలని రోజుల్లో గంజిలో ఉప్పేసుకుని తాగి పనికెళ్ళింది ఎవరో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. వరి వేరులో కాడ్మియాన్ని లోపలికి రానిచ్చే ఆ వాహకానికి మన శరీరంలో ఒక దాయాది ఉంది. మన చిన్నపేగు గోడలో, తిన్న తిండిలోంచి ఇనుమును లోపలికి తీసుకునే డిఎంటి1 అనే ప్రోటీన్ అదే కుటుంబానికి చెందినది. మొక్కలూ మనుషులూ విడిపోక ముందునుంచీ వస్తున్న వంశం అన్నమాట. దానికీ ఇనుముకీ కాడ్మియానికీ తేడా సరిగ్గా తెలియదు. శరీరంలో ఇనుము నిల్వలు నిండుగా ఉంటే పేగు ఈ వాహకాలను తగ్గించుకుంటుంది. ఇనుము తక్కువైతే, ఎక్కడ ఏ కాస్త దొరికినా వదలకూడదని వాటిని పెంచుకుంటుంది. ఇనుము కోసం అలా బారుగా తెరిచిన దారిలోంచే కాడ్మియమూ వస్తుంది, సీసమూ ఎక్కువగానే వస్తుంది.

ఎంత ఎక్కువ? కెనడా శాస్త్రజ్ఞులు 1978లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. చిన్నదే, కానీ తరువాతి పరిశోధనలు దాని దిశను బలపరిచాయి. ఇనుము నిల్వలు సరిగా ఉన్నవారు తిండిలోని కాడ్మియంలో సగటున 2.3 శాతం పీల్చుకుంటే, నిల్వలు తక్కువ ఉన్నవారు 8.9 శాతం పీల్చుకున్నారు. దాదాపు నాలుగు రెట్లు. ఇప్పుడు ఇంకో అంకె పక్కన పెట్టండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశంలో 57 శాతం, తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రక్తహీనతంతా ఇనుము లోపం వల్లే కాదు, నిజమే. కానీ అందులో పెద్ద భాగం అదే. నెలనెలా పోయే రక్తం, కాన్పులు, ఎడం లేని కాన్పులు, అందరూ తిన్నాక మిగిలింది తినడం, ఇవన్నీ కలిసి చేసిన లోపం అది.

అంటే ఒకే కుండలో వండిన అన్నం, ఒకే గిన్నెలో కూర, భార్యాభర్తలిద్దరూ తిన్నారనుకోండి. ఇద్దరి శరీరంలోకీ చేరిన విషం ఒకటి కాదు. ఆమె తక్కువ తిన్నా ఎక్కువ విషం చేరి ఉండవచ్చు. పంపకంలో అన్యాయాన్ని పళ్ళెం దగ్గర చూడటం మనకి అలవాటైంది. ఇక్కడ ఆ అన్యాయం పేగు గోడ దాకా దిగింది.

లోపలికి వచ్చాక ఏమవుతుంది? మొక్క సంచిలో కట్టేసినట్టే మన కణాలూ మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌తో కాడ్మియాన్ని కట్టేస్తాయి. 1957లో గుర్రం మూత్రపిండంలో కాడ్మియాన్ని అంటిపెట్టుకుని ఉండగానే ఆ ప్రోటీన్ మొదటిసారి దొరికింది. కట్టిన మూటలు మన మూత్రపిండాల్లో చేరతాయి. అక్కడ చేరినది సగానికి తగ్గడానికి పది నుంచి ముప్ఫయ్యేళ్ళు పడుతుంది. ఇరవయ్యేళ్ళ కోడలు తిన్న అన్నంలోది యాభయ్యేళ్ళ అత్తగారిలో ఇంకా ఉంటుంది. నిల్వ ఒక హద్దు దాటాక మూత్రపిండాల్లో వడకట్టే నాళాలు దెబ్బతింటాయి, శరీరానికి కావలసిన ఫాస్ఫేటు, కాల్షియం మూత్రంలో పోతుంటాయి, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారడం కుంటుపడుతుంది. ఎముకలు మెత్తబడతాయి.

ఇదంతా కాగితం మీద సిద్ధాంతం కాదు. జపాన్‌లో తోయామా రాష్ట్రంలో జింజూ నది ఒడ్డున ఆడవాళ్ళ శరీరాల మీద జరిగింది. నదికి ఎగువన కమియోకా గనిలో మిత్సుయి సంస్థ జింకు, సీసం తవ్వి శుద్ధిచేసేది. జింకు ఖనిజంలో కాడ్మియం కలిసే ఉంటుంది. ఆ వ్యర్థాలు నదిలోకి, నది నీళ్ళు వరి మళ్ళలోకి, మళ్ళనుంచి బియ్యంలోకి. యుద్ధాల కాలంలో ఉత్పత్తి పెరిగిన కొద్దీ నదిలోకి వదిలేదీ పెరిగింది. దిగువ గ్రామాల్లో నడివయసు దాటిన స్త్రీలకు నడుము, తుంటి, తొడల్లో భరించలేని నొప్పులు మొదలయ్యేవి. నడక బాతు నడకలా అయ్యేది. చివరికి మంచం పట్టి, దగ్గితే పక్కటెముకలు విరిగేవి. ఒళ్ళు కుంచించుకుపోయి పొడవు తగ్గేది. "ఇతాయ్, ఇతాయ్" అని మూలిగేవాళ్ళు. "నొప్పి, నొప్పి" అని అర్థం. జబ్బు పేరు అదే అయింది, ఇతాయ్ ఇతాయ్ జబ్బు.

వైద్య చరిత్రలో ఎన్నో జబ్బులకు వాటిని కనిపెట్టిన మగ డాక్టర్ల పేర్లున్నాయి. ఇది రోగుల మూలుగు పేరుతో మిగిలింది.

మొదట ఏమన్నారు? పూర్వజన్మ కర్మ అన్నారు. ఆ ఇళ్ళవాళ్ళు రోగిని లోపలి గదిలో దాచారు. తర్వాత వైద్యులు వచ్చి పోషకాహార లోపం అన్నారు, ఎండ తగలక విటమిన్ డి లోపం అన్నారు, పల్లెటూరి ఆడవాళ్ళ అతిశ్రమ అన్నారు. ఈ మూడు కారణాలనూ ఒకసారి మళ్ళీ చదవండి. మూడూ రోగి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి, గని దాకా వెళ్ళవు. 1946లో యుద్ధంనుంచి తిరిగొచ్చి సొంత ఊళ్ళో ఆసుపత్రి నడిపిన నోబోరు హగినో అనే డాక్టరు తన రోగుల ఊళ్ళను మ్యాపు మీద గుర్తుపెట్టుకుంటూ పోయి, అవన్నీ జింజూ నీళ్ళు పారే పొలాల చుట్టూనే ఉన్నాయని చూశాడు. 1957లో గని కారణమన్నాడు. 1961లో వ్యవసాయ శాస్త్రజ్ఞుడు యోషియోకాతో కలిసి కాడ్మియం పేరు బయటపెట్టాడు. ఆయన్ని వెక్కిరించింది కంపెనీ వాళ్ళూ పండితులూ మాత్రమే కాదు. ఊరివాళ్ళూ తిట్టారు. ఈ సంగతి బయటపడితే మా బియ్యం ఎవరు కొంటారు, మా ఊరికి కోడళ్ళు ఎలా వస్తారు అని. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను.

1968 మే నెలలో జపాన్ ఆరోగ్యశాఖ ఇది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. ఆ దేశంలో ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్న మొదటి కాలుష్య వ్యాధి ఇదే. ఆ ప్రకటనలో మూలకారణం కాడ్మియం అని చెప్పి, దానికి తోడైనవిగా గర్భం, పాలివ్వడం, హార్మోన్ల మార్పులు, వయసు, కాల్షియం లోపం అని జాబితా ఇచ్చారు. శాస్త్రంగా అందులో తప్పులేదు. కానీ గర్భమూ, పాలివ్వడమూ ఒక కంపెనీ వదిలిన విషానికి "తోడైన కారణాలు" ఎలా అవుతాయి? బిడ్డల్ని కనడం లోకంలో కొత్తగా వచ్చిన పని కాదు. కొత్తగా వచ్చింది నదిలోకి వచ్చిన కాడ్మియం. ప్రభుత్వం గుర్తించిన రోగులు ఇప్పటిదాకా దాదాపు 200 మంది. అతి కొద్దిమంది తప్ప అందరూ స్త్రీలే. గుర్తింపు పొందకుండా పోయినవాళ్ళు వేరు.

అదే 1968లో బాధితులు తోయామా జిల్లా కోర్టులో దావా వేశారు. కంపెనీ వాదన ఏమిటంటే, కాడ్మియం శరీరంలోకి ఎంత పరిమాణంలో వెళ్ళింది, ఏ మార్గంలో వెళ్ళింది, ఏ విధంగా ఎముకను మెత్తబరిచింది అన్నది ముందు నిరూపించండి అని. 1971 జూన్ 30న జిల్లా కోర్టు, 1972 ఆగస్టులో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చాయి. జబ్బు ఎక్కడుంది, ఎవరికొచ్చింది, ఆ నీళ్ళు పారని చోట ఎందుకు లేదు అన్న జన సమూహాల అధ్యయనం చాలు, కణం లోపల జరిగే ప్రతి అడుగూ నిరూపించే బరువు బాధితుల మీద పెట్టకూడదని తేల్చాయి. వరి వేరులో కాడ్మియం దూరే దారి ఏదో తెలిసింది 2012లో అని పైన చెప్పాను కదా. శాస్త్రం పూర్తిగా తేలేవరకు ఆగాలని ఆ కోర్టు అని ఉంటే, ఆ స్త్రీలు మరో నలభయ్యేళ్ళు ఆగాల్సి వచ్చేది. వాళ్ళలో ఎవరు మిగిలేవారు?

1972 తీర్పు తర్వాత కంపెనీతో బాధితులు రాయించుకున్న ఒప్పందాల గురించి మనం ఇంకా ఎక్కువగా మాట్లాడుకోవాలి. నష్టపరిహారం ఒకటి. పాడైన పొలాల బాగు ఇంకొకటి. 1979లో మొదలైన ఆ పని 2012 దాకా సాగింది, 863 హెక్టార్ల నేలలో విషపు మట్టిని పూడ్చి పైన మంచి మట్టి పరిచారు. మూడోది అన్నిటికన్నా గొప్పది. బాధితులు తమకు నమ్మకమున్న శాస్త్రజ్ఞులను వెంటబెట్టుకుని, కంపెనీ ఖర్చుతో, కర్మాగారంలోకి వెళ్ళి తనిఖీ చేసే హక్కు. అప్పటినుంచి ఏటా వెళ్తూనే ఉన్నారు. నదిలో కాడ్మియం సహజ స్థాయికి దగ్గరగా దిగింది. మధ్యలో 1970లలోనే "అసలు కాడ్మియం కారణం కాదేమో" అన్న పాట మళ్ళీ లేచింది, రాజకీయ నాయకులు వంత పాడారు. వాళ్ళు తనిఖీ మానలేదు. ఎముక మెత్తబడే దాకా రాక మూత్రపిండాల దెబ్బతోనే ఉన్న వాళ్ళకు కంపెనీ డబ్బిచ్చి క్షమాపణ చెప్పింది 2013 డిసెంబరులో.

ఇప్పుడు మన సంగతి. పరీక్ష చేయమని అడిగితే అధికారులు చెప్పే మొదటి మాట "అన్నీ పరిమితుల లోపే ఉన్నాయి" అని. ఆ పరిమితి ఏమిటో ఒకసారి మనమే లెక్క వేద్దాం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ప్రకారం కిలో బియ్యంలో కాడ్మియం 0.4 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. మన దేశపు ప్రమాణాల్లోనూ అదే అంకె. చైనాలో 0.2. ఇక మనిషి ఎంత తినవచ్చు అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2010లో చెప్పిన హద్దు, నెలకు కిలో శరీర బరువుకి 25 మైక్రోగ్రాములు. యాభై కిలోల స్త్రీకి రోజుకి 42 మైక్రోగ్రాములు పడుతుంది. మూడు పూటలా అన్నమే తినే కూలిమనిషి రోజుకి 400 గ్రాముల బియ్యం తింటుందనుకుందాం. ఆ బియ్యంలో కాడ్మియం చట్టం ఒప్పుకున్న హద్దు దగ్గరే ఉంటే ఆమె తినేది 160 మైక్రోగ్రాములు. మనిషి హద్దుకి దాదాపు నాలుగింతలు. బియ్యం పాసవుతుంది, మనిషి ఫెయిలవుతుంది. మన బజారు బియ్యమంతా అలా ఉందని నేననడం లేదు. ఉన్నా చట్టం పట్టుకోదు అంటున్నాను.

ఆమెకి రక్తహీనత కూడా ఉంటే? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో ఈ లెక్క వేసినప్పుడు, స్వీడన్‌లో పొగతాగని స్త్రీల శరీరాల్లోని కొలతలను ఆధారంగా తీసుకుంది, ఇనుము తక్కువున్న వాళ్ళు ఎక్కువ పీల్చుకుంటారన్నదాన్నీ లెక్కలో కలిపింది. వచ్చిన హద్దు వారానికి కిలో బరువుకి 2.5 మైక్రోగ్రాములు, అంటే పై హద్దులో సగానికన్నా తక్కువ. గణిత పద్ధతుల్లో తేడాలూ ఇందులో ఉన్నాయి. అయినా ఎవరి శరీరాన్ని కొలబద్దగా తీసుకున్నాం అన్నది హద్దును మారుస్తుందని ఒప్పుకోక తప్పదు. స్వీడన్ స్త్రీల కన్నా ఎన్నో రెట్లు రక్తహీనత ఉన్న మన స్త్రీల కోసం అలాంటి లెక్క ఎవరు వేస్తారు?

మన దగ్గర ఇలాంటి నేలలు లేవా? అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు పారిశ్రామిక వాడ నేలల్లో క్రోమియం, నికెలు, సీసం, ఆర్సెనిక్ వంటివి మామూలుకన్నా బాగా ఎక్కువ ఉన్నాయని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2001లోనే ప్రచురించారు. నక్కవాగు పొడుగునా పొలాలు పోయిన రైతుల కథ మీకు తెలుసు. 1990లో సుప్రీంకోర్టులో పడిన వ్యాజ్యం 2001లో హైకోర్టుకి, అక్కడినుంచి హరిత ట్రిబ్యునల్‌కి నడిచింది. హగినో లాగే అక్కడా ఒక ఊరి డాక్టరు, కిషన్‌రావు గారు, ఏళ్ళ తరబడి రోగుల పక్కన నిలబడి పోరాడారు. నష్టపరిహారం భూమి పట్టా ఉన్నవాళ్ళకి ఎకరాల లెక్కన వస్తుంది. పట్టా ఎవరి పేరున ఉంటుంది? ఆ పొలాల్లో నాట్లేసి, కలుపు తీసి, ఆ నీళ్ళలో మోకాళ్ళదాకా నిలబడి, ఆ గింజలే కూలిగా తెచ్చుకుని వండుకున్న ఆడకూలీ ఏ లెక్కలోకి వస్తుంది?

హైదరాబాదు దిగువన మూసీ నీళ్ళతో ఆకుకూరలు, పశువులకు పారాగడ్డి పండించి బతికేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఆకుకూర కోసేదీ, కట్టలు కట్టేదీ, తెల్లవారుజామున బజారుకి మోసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. "మూసీ కూరలు కొనకండి" అని ఒక పత్రిక పెద్దక్షరాల్లో రాస్తే మర్నాడు నష్టపోయేది వాళ్ళు, నీళ్ళు పాడుచేసినవాళ్ళు కాదు. జింజూ ఊళ్ళ భయం ఇదే. అందుకని మన మాట కొనేవాళ్ళను భయపెట్టేదిగా ఉండకూడదు. ఏ నీళ్ళలో, ఏ నేలలో, ఏ కూరలో, ఏ కాలంలో ఏ లోహం ఎంతుందో కొలిచి చెప్పమని అడిగేదిగా ఉండాలి. పాడైన చోట ఆకుకూరకి బదులు పూలో, లోహాన్ని తక్కువగా ఎక్కించుకునే కాయలో వేసుకోవడానికి ఖర్చు భరించమనాలి. ఫాస్ఫేటు ఎరువుల్లో కూడా కాడ్మియం వస్తుంది, వాటికి పరిమితి అడగడమూ ఇందులో భాగమే.

ఆవ లాంటి మొక్కలు నాటి నేలలోని విషాన్ని పీల్చేయిస్తామని కొన్నేళ్ళుగా ప్రాజెక్టులు వస్తున్నాయి. ఆవ మొక్కకి ఆ గుణం ఉంది, చైనాలో దొరికే ఒక ఫెర్న్ ఆర్సెనిక్‌ను విపరీతంగా లాగుతుంది. పద్ధతి మంచిదే, కాకపోతే పంటకి పంటగా ఏళ్ళు పడుతుంది. పీల్చిన మొక్కని కోసేది ఎవరు, ఎండిన ఆ కట్టలు ఏ పొయ్యిలోకి పోకుండా చూసేది ఎవరు అన్నది ప్రాజెక్టు కాగితాల్లో ఎక్కడుందో వెతకండి. వంటచెరకు కరువున్న ఊళ్ళో ఎండు కట్టె ఏదైనా కట్టెగానే కనిపిస్తుంది.

మనం చేయగలిగింది చిన్నదిగా మొదలుపెట్టవచ్చు. రక్తపరీక్షల శిబిరం పెట్టినప్పుడు హిమోగ్లోబిన్ అంకె పక్కన ఆ ఇల్లు తాగే నీళ్ళు ఎక్కడివి, తినే బియ్యం, కూర ఎక్కడివి, పక్కన ఏ ఫ్యాక్టరీ ఉంది అన్న మూడు గడులు కలపండి. ఇనుము మాత్రలు సక్రమంగా అందడం ఇలాంటి ఊళ్ళలో రెండింతలు ముఖ్యం, ఎందుకంటే నిల్వలు నిండితే పేగు ఆ దారులను తగ్గించుకుంటుంది. అయితే ఇప్పటికే మూత్రపిండంలో చేరినదాన్ని ఇనుము మాత్ర తీసేయదు. "మాత్రలిచ్చాం కదా" అని నదిని వదిలేయడానికి అది సాకు కాకూడదు. కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణకి పిలిచినప్పుడు, కమియోకాలో బాధితులకున్న తనిఖీ హక్కును అనుమతి షరతుల్లో రాయమని అడగండి. స్వయం సహాయక సంఘాలనుంచి ఇద్దరు స్త్రీలు ఆ తనిఖీ బృందంలో ఉండాలని పేరుపెట్టి అడగండి.

మీ ప్రాంతంలో ఇలాంటి గడులు నింపి ఉంటే మాకు పంపండి. వచ్చే సంచికలో ఊళ్ళవారీగా వేస్తాం. ఊరి పేరు, నీటి వనరు పేరు, ఎంతమందిని చూశారో, ఎంతమందికి హిమోగ్లోబిన్ తక్కువుందో రాయండి. స్త్రీల పేర్లు రాయకండి, ఇంటిపేర్లు కూడా వద్దు.